సీసాలో రంగు వెలిసిన పాము

2022లో నారాయణగూడలోని ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ మ్యూజియంలో నేను క్యూరేటర్‌ని. స్పెసిమెన్లు, అంటే భద్రపరిచిన జీవుల నమూనాలు, పాడవకుండా చూసుకోవడం నా పని. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ అటవీశాఖ పరీక్షలకు చదువుతున్న ఎనిమిది మంది ఒకరోజు వచ్చారు. నల్లమలలో కొండ ఎక్కబోతున్నామని, ముందు అక్కడి జీవులను చూపించమని, కొండకు తోడు కూడా రమ్మని అడిగారు. పాఠం చెప్పడమంటే నాకు పిచ్చి. వెంటనే ఒప్పుకున్నాను.

పాముల బీరువా దగ్గరే గంటసేపు నిలబెట్టాను. పిట్ వైపర్ సీసా చేతికిచ్చి, ఇది వెదురు పొదల్లో ఉండే రక్తపింజరి జాతి, కాటేస్తే ప్రాణం మీదికి రావచ్చని బెదిరించాను. ములుగు వైపు నుంచి వచ్చిన స్వప్న అనే అమ్మాయి సీసాను తిప్పి తిప్పి చూసింది.

వారం తర్వాత కొండ మీద ఇరుకు బాటలో నడుస్తున్నాం. ఒక పక్క లోయ, ఒక పక్క వెదురు. ముందు స్వప్న, వెనక నేను. ఆమె ఆగి, తాపీగా చెయ్యి చాపింది.

"పసిరిక పాము సార్. మా ఊర్ల మస్తుంటయ్, ఏం జెయ్యదు. కొమ్మ జర పక్కకు జరుపుత."

తొంగి చూశాను. ఆకుపచ్చగా ఉంది నిజమే, కానీ పసిరికకు తల సన్నగా కోసుగా ఉంటుంది. దీనిది బల్లపరుపు ముక్కోణం. నేను సీసాలో చూపించిన పిట్ వైపరే. తలకూ ఆమె వేళ్లకూ మధ్య జానెడు దూరం. అరిస్తే ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే కాటో లోయో. ఆసుపత్రికి మూడు గంటల దారి.

"స్వప్నా, చెయ్యి అట్లనే ఉంచు. అది పసిరిక కాదు" అన్నాను మెల్లగా.

పాము తల ఎత్తింది. ఆమె బ్యాగు పట్టీ పట్టుకుని అంగుళం అంగుళం వెనక్కి లాగాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. పది అడుగులు వెనక్కి వచ్చాక ఇద్దరం కూలబడ్డాం.

భయం తీరగానే నాకు కోపం వచ్చింది. సీసా చేతికిచ్చి చూపించినా బుర్రకెక్కలేదా అని నోరు పారేసుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"మీరు సూపెట్టింది బూడిద రంగుది సార్. పొద్దటిసంది దాన్నే ఎతుక్కుంట నడుస్తున్న."

ఆమె అన్నది నిజమే. నమూనాలు కుళ్లకుండా పోసే ఫార్మలిన్, స్పిరిట్‌లలో ఏళ్ల తరబడి ఉంటే ఆకుపచ్చ వెలిసిపోతుంది. ఇరవై ఏళ్లుగా తెలిసిన సంగతి కాబట్టే చెప్పాలని తోచలేదు. ఆ అమ్మాయి నేను చెప్పింది చెప్పినట్టే నేర్చుకుంది.

అందరి ముందూ తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఇప్పుడు ఏ సీసా చూపించినా, బతికున్నప్పుడు దాని రంగేమిటో ముందు చెప్తాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు పొరపాటు చేస్తే, నాకు మొదటి అనుమానం నా మీదే వస్తుంది.