మరదలి ల్యాప్‌టాప్‌లో మిరపగింజ

నేను అబద్ధాలాడతానని మా అత్తగారింట్లో ఒక అపవాదు ఉంది. అది అన్యాయం. నిజం మరీ బక్కచిక్కి కనిపిస్తే దానికి నాలుగు ముద్దలు పెట్టి పంపిస్తాను, అంతే. ఒక పెద్దాఫీసులో కంప్యూటర్లన్నీ మూగబోతే, బెంగళూరు నుంచి దిగిన ఇంజనీర్లు చేతులెత్తేశాక, నేను ఒక్క గుండుసూదితో వాటిని లేపి కూర్చోబెట్టాననే కథ అలా బలిసిందే. నిజానికి ఆ రోజు నేను ఊడిన ప్లగ్గు పెట్టాను.

ఆ కథను నమ్మిన ఒకే ఒక్క మనిషి మా మరదలు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. బూర్గంపాడు దగ్గర ఊళ్ళో వాళ్ళిల్లు. ఎండలు ముదరకముందే ఒకరోజు తన ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోందని, సర్వీసింగ్ చేయించుకు రమ్మని నా చేతిలో పెట్టింది. పాల్వంచలో ఒక మెకానిక్ ఉన్నాడని, చెవి ఆనించి విని రోగం చెప్పేస్తాడని అప్పటికే చెప్పి ఉన్నాను. తీరా ఆ వారమే అత్తగారి మిరప కల్లం కాపలా నా మెడకు చుట్టుకుంది. పాల్వంచ వెళ్ళే తీరిక లేదు. సినిమాలు చూసే తీరిక మాత్రం బోలెడు. ఐదు పగళ్ళు ఆ ల్యాప్‌టాప్‌ను మిర్చి బస్తా మీద పెట్టుకుని, దొరికిన సినిమానల్లా చూశాను. ఆరో రోజు పైన తుడిచి ఇచ్చేసి, "ఇగ గుర్రమే" అన్నాను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున ఫోను.

"బావా, జల్దీ రా. హైదరాబాద్ దవాఖానాల కొలువుకు పదకొండింటికి వీడియో ఇంటర్వ్యూ ఉన్నది. ఇదేమో పది నిమిషాలకోసారి ఆరిపోతున్నది."

"ఫోన్ల మాట్లాడరాదు?"

"ఫోన్ల ఒప్పుకోరట. నువ్వే గద ఇంజనీర్లను తలదన్నినోడివి. రా."

వెళ్ళాను. ఛార్జర్ పీకి పెట్టాను. వెలుతురు తగ్గించాను. సెట్టింగుల్లోకి పోయి బ్యాటరీ ఆదా చేసే మీట నొక్కాను. తోచని చోట కూడా రెండు మీటలు నొక్కితే నెట్టు పోయింది. తెర మూలన విమానం బొమ్మ వెలిగింది. దాన్ని మళ్ళీ నొక్కితే నెట్టు వచ్చింది గానీ, తెర ఆరిపోయింది. అడుగున చెయ్యి పెడితే దోసె పెనం. పక్క సందుల దగ్గర అరచెయ్యి ఆనిస్తే గాలి లేదు. లోపల ఫ్యానుకు ఊపిరాడటం లేదని నాకప్పుడు తెలిసింది. ఎందుకాడటం లేదో కూడా తెలిసింది.

"ఆ పాల్వంచ మెకానిక్‌కు ఫోన్ కొట్టు బావా."

"ఆయన ఫోన్ వాడడు."

"కంప్యూటర్ మెకానిక్ ఫోన్ వాడడా?"

"చెవి ఖరాబైతదని."

ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, స్క్రూలు విప్పి అడుగు మూత లేపాను. ఫ్యాను రెక్కల మధ్య ఎర్రటి పొడి గూడు కట్టి ఉంది. తొందరలో బుద్ధి లేక నోటితో ఉఫ్ అని ఊదాను. అదంతా తిరిగి నా మొహానికే వచ్చింది. మరదలు ఏడు తుమ్ములు తుమ్మింది. నావి నేను లెక్కపెట్టలేదు. వాకిట్లోంచి అత్త, "ఎవరే తాలింపు మాడ్చింది?" అని కేకేసింది.

కళ్ళు తుడుచుకుని, గోడలకు రంగులేసే చిన్న కుంచెతో రెక్కలు దులుపుతుంటే మిరపగింజ ఒకటి రాలి పడింది. మరదలు దాన్ని వేలికొసన అద్దుకుని, పరీక్షకొచ్చిన రక్తంలా వెలుగుకు పెట్టి చూసింది.

"ఇదేంది బావా?"

"ఆ మెకానిక్ మిర్చి బజ్జీలు తినుకుంట పనిచేస్తడు."

"బజ్జీల ఎండుమిర్చి ఏస్తరా పాల్వంచల?"

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. "ముందు బిగియ్యి. ఇంటర్వ్యూ అయినంక మాట్లాడుదం" అంది.

బిగించాను. ఒక స్క్రూ మిగిలింది, జేబులో వేసుకున్నాను. మీట నొక్కితే ఫ్యాను గుర్రుమంది. అప్పటిదాకా పరుపు మీదున్న దాన్ని బల్ల మీదికి మార్చి, కింద గాలి ఆడేలా రెండు ఇటుకలు పెట్టాను. అయినా నమ్మకం చాలక, బల్ల కింద దూరి, ఇంటర్వ్యూ జరిగిన అరగంట సేపూ చెయ్యి పైకి చాపి విసనకర్రతో విసిరాను. మధ్యలో, లోపల మిగిలిన కారం వేడెక్కి పైకి లేచింది. మరదలి కళ్ళ వెంట నీళ్ళు.

"ఏమైందమ్మా?" అని తెరలోంచి ఒక పెద్దావిడ గొంతు.

"ఏం లేదు మేడం. ఈ పనంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం."

మా ఇంట్లో నిజానికి ముద్దలు పెట్టేది నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. బల్ల కింద నా విసనకర్ర ఆగిపోయింది. ఆమె కాలితో తన్నాక మళ్ళీ కదిలింది.

వారానికి కొలువు వచ్చినట్టు కబురొచ్చింది. మరునాడు మరదలు స్వీటు డబ్బాతో మా ఇంటికొచ్చింది.

"పా బావా, పాల్వంచ పోదం. మెకానిక్‌కు మిఠాయి ఇయ్యాలె."

"ఆయన పోయిండు."

"అయ్యో. ఎప్పుడు?"

"మొన్ననే. గుండె."

"పాపం. పెద్దకర్మ ఏ రోజు? నేను గూడ వస్త."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత తీయకుండా, నా మొహం వంక చూస్తూ కూర్చుంది. లోపలివి నేతి కాజాలని వాసనే చెబుతోంది. కల్లం, బస్తా, ఐదు పగళ్ళు, సినిమాల పేర్లతో సహా మొత్తం చెప్పేశాను. ఆ ఒక్కసారికి నిజాన్ని పస్తు పెట్టి పంపాను. కాజాలు మాత్రం నాలుగు తిన్నాను.