వస మూట

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. కరెంటు పోతే తప్ప అవి రావంటారు. మా గుంటూరులో కరెంటు పోతే ముందు దోమలొస్తాయి. ఇప్పుడు చెప్పబోయేది ఇంకొకరు చెబితే నేనూ నమ్మను.

మున్సిపల్ ఆఫీసు రికార్డు రూములో పాత జనన రిజిస్టర్లు స్కాన్ చేసే కాంట్రాక్టు పని నాది. పురుగు పట్టకుండా బీరువాల్లో వసకొమ్ములు గుడ్డల్లో మూటకట్టి పెడతారు. మాటలు బాగా రావాలని పసిపిల్లలకు తల్లిపాలతో అరగదీసి నాలుకకు రాస్తారే, ఆ వసే. నాకు చిన్నప్పుడు మోతాదు మించిందని మా ఇన్‌ఛార్జి కుమారి మేడం అభిప్రాయం.

ఈ వేసవి మొదట్లో మా అక్కకు పాప పుట్టి, బారసాల కాకముందే పోయింది. పేరు కూడా పెట్టలేదు. అక్క ఏడవలేదు, మాట్లాడలేదు. నా జోకులన్నీ అయిపోయాయి. ఇంట్లో ఒంటరిగా ఉంచలేక, మేడంని అడిగి ఒక మధ్యాహ్నం నాతో తీసుకెళ్లాను.

అక్క పక్కన కూర్చుని పేజీలు చూసింది. చాలాసేపటికి నోరు విప్పింది.

“ఒరేయ్, వీళ్లెవరికీ పేర్లు లేవేంట్రా?”

“పేరు పెట్టకముందే రాయించేవాళ్లక్కా. అప్పట్లో ఆధార్ తొందర లేదుగా.”

నవ్వలేదు. “పాప ఏడుస్తోంది” అంది.

స్కానర్ చప్పుడన్నాను. ఆపేశాను. ఏడుపు ఆగలేదు. సన్నగా, ఆకలేసినట్టు. పిల్లి అరుపేమోనని కిటికీ చూశాను, మూసే ఉంది. మేడం కళ్లజోడు తీసి బీరువా వైపే చూస్తున్నారు.

అక్క వెళ్లి బీరువా తెరిచి ఒక మూట విప్పింది. ఎండుకట్టెల్లా ఉండాల్సిన కొమ్ముల్లో ఒకటి తడిగా ఉంది. ఒక కొస అప్పుడే అరగదీసినట్టుంది. పాలవాసన నాకూ తెలిసింది. అక్క దాన్ని గుండెకు హత్తుకుని, నేల మీద కూర్చుని మెల్లగా ఊగింది. ఏడుపు సన్నగిల్లి ఆగిపోయింది.

“నిద్రపోయిందిరా” అంది. అప్పుడు ఏడ్చింది. పాప లేస్తుందేమోనని కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా.

మేడం గొంతు తగ్గించి అన్నారు, “ఫ్యాన్ ఆపు బాబూ. చంటిపిల్లకి చలేస్తుంది.”

బయట కళ్లాల్లో మిరపకాయలు పెళపెళలాడే ఎండ. లోపల ముగ్గురం చెమటతో తడిసిపోతున్నాం.

ఆ తడి ఎక్కడిదో, ఆ ఏడుపు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు. ఫ్యాన్ మాత్రం ఆపేశాను. ఎందుకో చెప్పలేను.