మా బాపు కోరిన సవరణ

నా చిన్నప్పుడు, వరంగల్ మునిసిపల్ కౌన్సిల్ హాల్లో, మా బాపు ఒక మనిషిని కుర్చీతో కొట్టడం కళ్లారా చూశాను. అప్పటికి నాకు పదేళ్లు. బాపు మట్టెవాడలో మగ్గం నేసేవాడు, మా వార్డుకు కౌన్సిలర్ కూడా. మురికినీళ్లు పోయే పెద్ద మోరీ తవ్వడానికి మా గల్లీలోని మగ్గాల షెడ్లు కూలగొట్టాలన్న ప్రతిపాదన ఆ రోజు సభ ముందుకు వచ్చింది. గల్లీ ఆడవాళ్లతో పాటు అమ్మ కూడా నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, వెనుక జనం కూర్చునే బెంచీ మీద కూర్చుంది.

మోరీ కావాలన్నది పక్క వార్డు కౌన్సిలర్. వానాకాలంలో వాళ్ల ఇళ్లలోకి మురికినీళ్లు వచ్చేవి. ఆయన అడిగింది కూడా న్యాయమేనని నాకు పెద్దయ్యాకే తెలిసింది. సభలో సభ్యులు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకూడదు, ఏం చెప్పినా చైర్మన్‌కే చెప్పాలి. కాసేపు అందరూ ఆ నియమం పాటించారు. తర్వాత ఆయన ఉండబట్టలేక బాపు వైపు తిరిగాడు.

"నీ మగ్గం కోసం మా పోరగాండ్లు మోరీ నీళ్లల్ల పండాల్నా?"

బాపు ఆయన తల్లిని ఎత్తి తిట్టాడు. ఆ తర్వాత ఎవరు ఎవరి కాలర్ పట్టుకున్నారో తెలియలేదు. చైర్మన్ గంట కొడుతూనే ఉన్నాడు. గాజు గ్లాసులు గోడలకు తగిలి పగిలాయి. ఒక పెద్దాయన నోట్లోంచి నెత్తురుతో పాటు పన్ను ఉమ్మాడు. సభలో జరిగిందంతా పుస్తకంలో రాసే గుమాస్తా మా పక్కింటి చాచా. ఎవరో బల్ల తోసేస్తే ఆయన దాని కింద పడి, పుస్తకాన్ని పొట్టకు అదుముకున్నాడు. బాపు ఇనుప కుర్చీ ఎత్తి పక్క వార్డాయన తల మీద కొట్టాడు. ఆయన కూలబడి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బాపు మళ్లీ ఎత్తి కొట్టాడు. ఈసారి పచ్చికట్టె విరిగిన చప్పుడు వచ్చింది. అమ్మ నా ముఖాన్ని కొంగులో దాచింది కానీ నేను అప్పటికే చూసేశాను.

ఆయనకు తలకు కుట్లు పడ్డాయి, చెయ్యి విరిగింది. చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు. రెండు వార్డుల పెద్దలు కూర్చుని కేసు లేకుండా చేశారు. ఇక మిగిలింది చాచా పుస్తకమే. ఒక సాయంత్రం బాపు నన్ను తీసుకుని వాళ్లింటికి వెళ్లాడు. చాచా నుదురు ఇంకా వాచే ఉంది.

"భాయ్, ఆ కుర్చీ సంగతి జర తీసెయ్యరాదూ," అన్నాడు బాపు.

"నేను చూసింది రాసిన తమ్మీ. ఒక దెబ్బ కొట్టినవని రాసిన. వచ్చే మీటింగుల ముందుగాల ఇదే చదువుతరు. తప్పయితే అప్పుడు లేచి చెప్పు, సభ ఒప్పుకుంటే దిద్దుత. ఇంట్ల కూసోని దిద్దే హక్కు నాకు లేదు."

ఇంటికి వస్తుంటే బాపు ఉన్నట్టుండి ఆగి, "నువ్వెన్ని చూసినవ్ బిడ్డా?" అని అడిగాడు. భయంతో నేను ఒక దెబ్బే చూశానన్నాను. ఆయన నన్ను మెచ్చుకోలేదు, కోప్పడనూ లేదు. నా చెయ్యి పట్టుకుని మళ్లీ నడక మొదలుపెట్టాడు.

తర్వాతి మీటింగుకు పక్క వార్డాయన చేతికి కట్టుతోనే వచ్చాడు. చాచా తన పుస్తకంలో రాసిన మినిట్స్ చదివాడు. ఎవరు గ్లాసు విసిరారు, ఎవరు బల్ల తోశారు, అన్నీ కూరగాయల పేర్లు చదివినంత నిదానంగా చదివాడు. సభ్యులు తలలు దించుకున్నారు. తప్పులుంటే చెప్పమన్నాడు చైర్మన్. బాపు లేచాడు. కొట్టలేదంటాడనుకుని వెనుక మా బెంచీ మీదున్న గల్లీ వాళ్లు సంతోషపడ్డారు.

"అధ్యక్షా, ఒక సవరణ. ఒక్క దెబ్బ అని రాసిండ్రు. రెండు కొట్టిన. రెండోది ఆయన కింద పడ్డంక కొట్టిన."

సవరణకు ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తాలి. దెబ్బలు తిన్నాయన తన మంచి చెయ్యి ఎత్తాడు. తర్వాత మెల్లగా అందరూ ఎత్తారు. చైర్మన్ నియమం ప్రకారం బాపును ఆ రోజు సభ నుంచి బయటికి పంపాడు. లోపల మోరీ మీద ఓటింగ్ జరిగింది. ఒక్క ఓటు తేడాతో మా షెడ్లు పోయాయి.

షెడ్డు పోయినవాళ్లలో ఒకడు బజార్లో బాపును పట్టుకుని ముక్కు పగిలేలా కొట్టాడు. బాపు చెయ్యెత్తలేదు. అమ్మతో గల్లీ ఆడవాళ్లు ఏళ్ల తరబడి మాట్లాడలేదు. బాపు ఇంకొకరి మగ్గం మీద కూలికి నేశాడు. నా అబద్ధం సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏడ్చి మర్చిపోయేదాన్నేమో.

ఇప్పుడు మా బస్తీ సంఘంలో పుస్తకం నేనే రాస్తాను. అక్కడా తిట్లుంటాయి, ఒక్కోసారి చెప్పులు లేస్తాయి. అలాంటి రోజున ముందుగా నావాళ్లు చేసిందే రాస్తాను. మా కోడలు చెప్పు ఎత్తిన సంగతీ రాశాను. నలుగురిలో అది చదివేటప్పుడు ఈ వయసులోనూ మధ్యలో ఆగిపోతాను. నీళ్లు తాగి, చివరిదాకా చదువుతాను.