మోతీని వదలని షహజాది

మా భవానీపురంలో పెళ్లి గుర్రం కావాలంటే అందరూ మస్తాన్‌వలి ఇంటికే వెళ్లేవారు. పక్షవాతం వచ్చి ఆయన మంచం పట్టాక, ఆ ఇంట ఇక గుర్రం ఉండదనే అనుకున్నాం. కూతురు షహజాది అప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపులో పనిచేసేది. ఆ పని మానేసి, తండ్రి పెంచిన తెల్ల ఆడగుర్రం మోతీ పగ్గం తను పట్టుకుంది.

ఊరేగింపులో ఆడపిల్ల గుర్రాన్ని నడిపించడమేమిటని మొదట్లో కొందరు మొహం చిట్లించారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. బ్యాండు మోతకు మోతీ బెదరబోతే మెడ మీద చెయ్యి వేసి ఏదో గొణిగేది. అది కుదుటపడేది. కొన్ని పెళ్లిళ్లు చూశాక జనమే ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. పని లేని రోజుల్లో తెల్లవారగానే కృష్ణ ఒడ్డున ఇసుకలో మోతీ మీద స్వారీ చేసేది. జీను కూడా ఉండేది కాదు. ఆ పరుగు చూడటానికి నా నడక ఆపేసి నిలబడేవాణ్ణి.

బుడమేరు వాగు పొంగిన ఏడాది మా వీధిలోకి నీళ్లు ఆదివారం పొద్దున వచ్చాయి. చూస్తుండగానే నడుము లోతయ్యాయి. పడవ రాగానే షహజాది, పక్కింటివాళ్లు కలిసి మస్తాన్‌వలిని అందులో పడుకోబెట్టారు. తల్లి సైదా కూడా ఎక్కింది. గుర్రాన్ని ఎక్కించుకోవడం కుదరదని, నువ్వు మాత్రం రమ్మని పడవవాళ్లు చెయ్యి చాపారు. తల్లి ఏడుస్తూ బతిమాలింది.

"మీరు పోండి అమ్మీ. నేను మోతీ మీద వస్తా" అంది షహజాది.

పగ్గం విప్పి, గుర్రమెక్కి, హైవే వైపు బయల్దేరింది. వీధి మలుపు తిరిగేదాకా మా డాబా మీంచి చూశాను. ఆ తర్వాత జరిగింది ఆమె చెబితే విన్నదే.

రోడ్డు పల్లంగా ఉన్నచోట వరద ఉరవడికి మోతీ కాళ్లు నేలకందలేదు. ఈదడం మొదలుపెట్టింది. షహజాది పట్టు జారి నీళ్లలో మునిగిపోయింది. పైకి తేలేసరికి గుర్రం చాలా ముందుంది. ఎదురుగా హైవే మెరక కనిపిస్తోంది. అయినా మోతీ వెనక్కి తిరిగింది. ప్రవాహానికి అడ్డంగా వచ్చి ఆమె పక్కన ఆగింది. జూలు చేతికందగానే షహజాది పట్టుకుని వేలాడింది. ఇద్దరూ హైవే ఎక్కారు. తడి రోడ్డు మీద నెత్తురు కనిపించినప్పుడుగానీ, మోతీ వెనక కాలు తెగిందని ఆమెకు తెలియలేదు. నీళ్లలో మునిగిన రేకు ఏదో కోసేసింది.

మురికి నీళ్లకు పుండుకు చీము పట్టింది. ఇంట్లో చూస్తే మోకాలి లోతు బురద. మోతీకి ఏళ్లుగా పచ్చగడ్డి తెచ్చిచ్చే మైలవరం రైతు ఏసుపాదం ఈ సంగతి విని మినీ లారీ తీసుకొచ్చాడు. తన మామిడితోటలో షెడ్డుందని, నయమయ్యేదాకా అక్కడే ఉండమని, అమ్మానాన్నల్ని బంధువుల ఇంటికి చేర్చిన షహజాదిని, మోతీని తీసుకెళ్లాడు.

పశువుల డాక్టరు జయంత్ కాలు పరీక్షించి, నరం సగానికి పైగా తెగిందన్నారు. ఇక సరిగా నిలబడటం కష్టమని, బాధపడకుండా ఇంజెక్షన్‌తో పంపించెయ్యడమే మంచిదేమోనని నెమ్మదిగా చెప్పారు.

షహజాది మోతీ మెడ మీద చెయ్యి వేసింది. "ఆ రోజు నన్నొదిలేసి అదొక్కతే ఒడ్డుకు పోగలిగేదండీ. పోలేదు. నేనెట్లా పంపిస్తాను?"

డాక్టరు కట్టు కట్టడానికి కూర్చున్నారు.

అప్పట్నుంచి షెడ్డులోనే ఆమె పక్క. పుండు కడగడం, మందు వెయ్యడం, కాలు మెల్లగా మర్దనా చెయ్యడం. ఏసుపాదం భార్య సంపూర్ణమ్మ ఉలవలు ఉడికించి పంపేది. పుండైతే మానింది కానీ మోతీ ఆ కాలు నేల మీద మోపలేదు. పొట్ట లోతు నీళ్లలో నడిపిస్తే కాలి మీద బరువు తగ్గి మెల్లగా బలం వస్తుందని డాక్టరు చెప్పారు. తోట పక్కనే కాలువ ఉంది. కానీ వరద తర్వాత మోతీకి నీళ్లంటే వణుకు. తాళ్లు కట్టి నలుగురం లాగుదామన్నాడు ఏసుపాదం. షహజాది ఒప్పుకోలేదు.

రోజూ పొద్దున్నే తనే కాలువలో దిగి, నడుము లోతులో నిలబడి మోతీతో మాట్లాడేది. అది గట్టు మీద సకిలించి మొహం తిప్పుకునేది. చలి ముదిరింది. జ్వరం తెచ్చుకుంటావమ్మాయ్ అని సంపూర్ణమ్మ కోప్పడేది. షహజాది మానలేదు. ఒకరోజు ఆమె అవతలి గట్టు వైపు తిరిగి నిలబడి ఉంటే వెనక బురద చప్పుడైంది. తిరిగి చూడలేదు, కదలలేదు. కాసేపటికి మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది.

ఎండలు ముదిరేసరికి మోతీ నాలుగు కాళ్లూ మోపింది. పెళ్లి ఊరేగింపులు ఇక వద్దన్నారు డాక్టరు. షహజాది అమ్మానాన్నల్ని కూడా మైలవరం తెచ్చుకుని, తోటలోనే చుట్టుపక్కల పిల్లలకు స్వారీ నేర్పడం మొదలుపెట్టింది. చిన్నపిల్లల బరువు మోతీ హాయిగా మోస్తుంది. మస్తాన్‌వలి కుర్చీలో కూర్చుని, వచ్చీరాని మాటల్లో కూతురి పాఠాల్లో తప్పులు పడుతుంటాడు.

మొన్న నేను వెళ్లినప్పుడు పిల్లలంతా ఇళ్లకు పోయారు. షహజాది మోతీ మీద కాలువ గట్టున మెల్లగా వెళ్తోంది. ఉన్నట్టుండి మోతీ తనంతట తనే పరుగందుకుంది. ఆమె కంగారుగా పగ్గం బిగించబోయింది.

"పోనీవే, దాన్ని పోనీ" అన్నాడు కుర్చీలోంచి మస్తాన్‌వలి.

షహజాది పగ్గం వదులు చేసింది.