తలకిందులైన ఏడు

నిన్న మా కోడలికి చెప్పులు కొనడానికి ఒక పెద్ద దుకాణానికి వెళ్లాం. తలుపు తీయగానే కొత్త రబ్బరు, అంటించే సొల్యూషన్ కలిసిన ఘాటు ముక్కుకు తగిలింది. కుర్చీ చూపించినా కూర్చోలేకపోయాను. అరల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఆ వాసనకు సలీం భాయ్ గుర్తొస్తాడు. ఆయన గుర్తొస్తే నా కాళ్లు ఒకచోట నిలవవు.

తొంభైల చివర్లో ఉప్పుగూడ స్టేషన్ దగ్గరి గల్లీలో ఆయన బూట్లు కుట్టేవాడు. గుట్టలెక్కేవాళ్లు, అడవుల్లో సర్వేకు పోయేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. నేను బూట్ల అడుగున సోళ్లు అంటించి, లేసులు ఎక్కించేదాన్ని. దుకాణంలో ఏటవాలుగా ఒక చెక్క పలక ఉండేది. బూటు తొడిగినవాళ్లు దాని మీద కిందికి నడిచి చూపించాల్సిందే. "భాయ్, నేను ఎక్కేది గుట్ట, నీ పలక కాదు," అని ఒకాయన నవ్వితే, "ఎక్కుడు ఎవడన్న ఎక్కుతడు. దిగేటప్పుడు తెలుస్తది, కాలి గోరు ఉంటదా పోతదా," అన్నాడు భాయ్, లేసు బిగిస్తూనే. ఎవరినైనా సాయంత్రమే రమ్మనేవాడు. పొద్దంతా నడిచిన పాదం కాస్త ఉబ్బుతుంది, కొలత అప్పుడే నిజమని ఆయన లెక్క.

సోలు మీద సైజు సుద్దతో ఉర్దూ అంకెల్లో రాసేవాడు. పనిలో చేరిన రోజు "సైజులు చదువుతవా?" అంటే "చదువుత" అన్నాను. ఉర్దూ ఏమిటి, నాకు తెలుగు చదవడమే రాదు. అంకెలను బొమ్మల్లా గుర్తుపెట్టుకున్నాను. పైకి నోరు తెరిచినట్టుంటే ఏడు, ఇంటి కప్పులా ఉంటే ఎనిమిది.

ఒకసారి జల్‌పల్లి నుంచి కాలేజీ పిల్ల వచ్చింది. మొదటిసారి మంచుకొండల శిక్షణకు పోతోంది. ఏడు తొడిగించి, పలక మీద నడిపించి, భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఇంట్ల ఏడు బేటా, గుట్ట మీద ఎనిమిది. మందం సాక్సు ఎవరు తొడుగుతరు, నేనా?" లేసులు మార్చి ఉంచితే శుక్రవారం తీసుకుంటానని ఆ పిల్ల వెళ్లింది. శుక్రవారం ఆ పిల్ల వచ్చేసరికి భాయ్ నమాజుకు పోయాడు. అరలో ఒకే రంగు జతలు పక్కపక్కనే ఉన్నాయి. ముందు కంటపడిన జత మీద ఇంటి కప్పు కనిపించింది. తీసిచ్చాను. సోలు ఆరడానికి దాన్ని మడమ పైకి, అంకె తిరగబడేలా పెట్టిన సంగతి మరిచిపోయాను.

భాయ్ వచ్చి అర చూసి ఆగిపోయాడు. "ఆఠ్ ఇక్కడనే ఉంది. ఆ పిల్లకు ఏమిచ్చినవ్?"

"ఎనిమిదే ఇచ్చిన భాయ్. ఇంటి కప్పు లెక్క ఉండె గద."

చదువు రాదన్న గుట్టు నేనే బయటపెట్టానని నోరు జారాక తెలిసింది. ఆయన అరలో మిగిలిన ఎనిమిది బూటును తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు. కప్పు నోరు తెరిచింది.

తిట్టలేదు. ఎనిమిది జత చంకన పెట్టుకుని, షట్టరు దించి ఆటో పిలిచాడు. పిల్ల రైలు సాయంత్రం కాచిగూడలో అని తనే చెప్పి పోయింది. సిగ్నల్ దగ్గర ఆటో ఆగిన ప్రతిసారీ నాకు దిగి పరుగెత్తాలనిపించింది. "లేసు ఖరాబైంది, మార్చనీకి వచ్చినమని చెప్దాం భాయ్," అన్నాను.

"నేనెందుకు చెప్త? ఇచ్చింది నువ్వు. ఉన్నదున్నట్టు నువ్వే చెప్పు."

పిల్ల ఆ బూట్లే తొడుక్కుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. "మంచిగనే ఉన్నయి అంకుల్, రైలొస్తది ఇప్పుడు," అంది. భాయ్ ప్లాట్‌ఫారం చివరి వాలు చూపించి దిగమన్నాడు. నాలుగడుగులు వేసి ఆగింది. "వేళ్లు గుద్దుకుంటున్నయి." భాయ్ నా వైపు చూశాడు.

"తప్పు నాది బిడ్డా. నాకు చదువు రాదు. అంకె ఉల్టా చూసిన," అన్నాను. నలుగురిలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"అడిగితే నేనే చూసుకుందును గద ఆంటీ," అంది ఆ పిల్ల విప్పుతూ. ఎనిమిది తొడుక్కుని రైలెక్కింది.

మళ్లీ రాలేదు. నెలల తరబడి గల్లీ మలుపు వైపు చూసేదాన్ని. "బూటు మంచిగుంటే ఎందుకొస్తరు?" అనేవాడు భాయ్. ఆ మాటతో నాకు నిమ్మళం కలగలేదు. నలభై దాటాక బస్తీలో పెద్దవాళ్ల బడిలో పేరు రాయించుకున్నాను.

ఇప్పుడు చదవడం వచ్చు. అయినా మందుల చీటీ రెండుసార్లు చదివి, కొట్లో అతన్ని మళ్లీ అడుగుతాను. "చదువు రాదా పెద్దమ్మా?" అంటాడు.

"వచ్చు. అయినా నువ్వొకసారి చెప్పు," అంటాను.