సత్తిబాబు మావ బిగించిన గేజీ

మా చిన్నప్పుడు సాలూరులో మా ఇంటి ముందు ఒక పాత కారు ఉండేది... ఆదివారం వచ్చిందంటే దాని బానెట్ ఎత్తి ఉండేది, అందులో సత్తిబాబు మావ తల ఉండేది.

మావ అంటే అమ్మకి సొంత తమ్ముడు. ఊరి చివర లారీలు బాగుచేసే షెడ్డు ఆయనది. గ్రీజు చేతులతోనే వచ్చేసేవాడు... అమ్మ తిడుతూనే మరచెంబుతో నీళ్లు పోసేది.

"ఒసే గుంటా, ఇలా రా, ఇది పట్టుకో" అని నన్నే పిలిచేవాడు. ఏ పైపు ఎక్కడికి పోతుందో వేలు పెట్టి చూపించేవాడు. ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకని ఎవరైనా అంటే, "దీనికున్న బుర్ర మీకెవురికున్నాది?" అనేవాడు. ఇంట్లో అందరికంటే నాకు మావే ఎక్కువ...

కారు మా తాతయ్య కొన్నది. నాన్న దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు, ఒక్క మావకి తప్ప.

ఒక వేసవిలో అది కొండదారి ఘాటీ ఎక్కనని మొండికేసింది. కోరాపుట్ రోడ్డులో మలుపులు మొదలవగానే దగ్గి దగ్గి ఆగిపోయేది. ఇంజనుకి పెట్రోలు సరిగ్గా అందుతోందో లేదో తెలియాలంటే ప్రెషర్ గేజీ పెట్టాలన్నాడు మావ. పంపుకీ కార్బొరేటర్‌కీ మధ్య పైపు కోసి, జాయింటు వేసి, ముల్లున్న చిన్న మీటరు బిగించాడు. ఇంజను స్టార్టు చేయగానే ముల్లు వణుకుతూ లేచింది... నేను చప్పట్లు కొట్టాను. లోపం పంపులోనే ఉందని తేలింది. మావ దాన్ని సరిచేశాడు, గేజీని మాత్రం విప్పలేదు. కారు మళ్లీ పరుగెత్తింది.

కానీ గేజీ జాయింటు దగ్గర పెట్రోలు చెమటలా ఊరడం మొదలైంది...

మావ విప్పి తెల్ల టేపు చుట్టాడు. కొన్నాళ్లు ఆగింది, మళ్లీ ఊరింది. ఇంకా టేపు చుట్టాడు. బట్టల సబ్బు అద్దాడు. వసారాలో కూర్చుంటే కూడా పెట్రోలు వాసనే.

"ముసిలి బండి బావా," అన్నాడు నాన్నతో. "ఒకసోట మూస్తే ఇంకోసోట కారతాది. నా మాటిని అమ్మేసీ."

నాన్న వినలేదు. దసరా సెలవుల్లో మమ్మల్నందర్నీ ఎక్కించుకుని బయల్దేరారు. ముందు సీట్లో అమ్మ, వెనక నేనూ తమ్ముడూ. ఘాటీ సగం ఎక్కేసరికి వాసన తలకెక్కింది. నాన్న బండి పక్కకి తీసి బానెట్ ఎత్తారు. జాయింటు నుంచి పెట్రోలు కారుతోంది... సెగలు కక్కుతున్న ఇంజను పక్కనే, బొట్లు బొట్లుగా. నాన్న ముఖం పాలిపోయింది. తమ్ముణ్ణి చంకనేసుకుని, అమ్మనీ నన్నూ దూరంగా పరుగెత్తమన్నారు. ఇంజను పూర్తిగా చల్లారాక లారీకి తాడు కట్టించి కారుని కిందికి దింపారు.

ఆ రాత్రి అమ్మే అంది, "మా తమ్ముడు సెప్పినట్టు అమ్మేద్దాం."

వారం తిరక్కుండానే పార్వతీపురం నుంచి ఒకాయన వచ్చారు. పాత కార్లంటే ఆయనకి ఇష్టమట, మావే పంపాడట. కారు చుట్టూ తిరిగి మురిసిపోయారు. నాన్న నిజాయితీగా చెప్పారు, "లీకు ఉన్నాదండీ. ఏటి సేసినా ఆగలేదు."

ఆయన నవ్వేశారు. "సత్తిబాబు సెప్పేడండీ! పైపుకి బిగించే మరలు కలవని జాయింటు ఏసేడంట. సరైన ఇత్తడి జాయింటు ఆడి దగ్గిరే ఉన్నాదంట. బండి నా సేతికొచ్చినాక ఎక్కిత్తానన్నాడు."

పాపం, ఆయనకేం తెలుసు... మావ నాన్నకి కూడా ఆ మాట చెప్పే ఉంటాడనుకున్నారు.

అమ్మ కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. నాన్న ఆయనకి కాఫీ ఇచ్చి, "కారు అమ్మమండీ" అని మర్యాదగా పంపేశారు. చెప్పులేసుకుని షెడ్డుకి బయల్దేరారు. వద్దన్నా నేను వెంటపడ్డాను. అదంతా అబద్ధమని మావ చెప్తాడని నా ఆశ.

"మరలు కలవలేదని నీకు తెలుసేటి?" నాన్న అడిగారు.

మావ గావంచాతో చేతులు తుడుచుకున్నాడు. "తెలుసు బావా... కొంచెం కారతాది, నీకే ఇసుగొచ్చి అమ్మేస్తావనుకున్నాను. ఇంత దూరమెల్తాదనుకోలేదు. ఆ పార్వతీపురం ఆయన నాకు పెద్ద బేరాలిస్తాడు బావా, ఈ ఒక్క బండీ ఇప్పించమన్నాడు..."

"అందులో మీ అక్క కూకున్నాదిరా."

మావ నా వైపు తిరిగి, "అమ్మీ, నువ్వయినా సెప్పవే మీ నాన్నకి" అన్నాడు.

"నేను కూడా అందులోనే ఉన్నాను గదా మావా" అన్నాను.

మావ తల దించుకున్నాడు. సొరుగులోంచి ఇత్తడి జాయింటు తీసి నాన్న చేతిలో పెట్టాడు. కొత్తది... కాగితం కూడా విప్పలేదు.

నాన్నే దాన్ని బిగించారు. పాత టేపంతా గీకేసి, మరలు తుడిచి, మెల్లగా తిప్పారు. ఇంజను ఎంతసేపు నడిపినా జాయింటు కింద పట్టిన పొడిగుడ్డ తడవలేదు. అంత చిన్న పని... అది చూసి అమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి వినడం.

ఆ తర్వాత మావ మా గుమ్మం తొక్కలేదు. అమ్మ పిలవలేదు, నాన్న వద్దనలేదు. కారు ఇంకా చాలా ఏళ్లు ఘాటీ ఎక్కింది. వెళ్లిన ప్రతిసారీ అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చునేది.

ఇప్పుడు నా కారు సర్వీసింగుకి ఇస్తే, ఎవరు విప్పారో, ఎవరు బిగించారో పేరు కూడా తెలీదు. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, వెళ్లి తెచ్చుకుంటాను. వాళ్లు మోసం చేస్తే కోపం వస్తుంది, పోట్లాడతాను, ఇంటికొచ్చి అన్నం తింటాను...

సత్తిబాబు మావతో మాత్రం ఈరోజుకీ పోట్లాడ్డం చేతకాలేదు నాకు.

అంత నమ్మకంగా తాళాలు ఇచ్చేసిన మనిషి మీ ఇంట్లోనూ ఎవరైనా ఉండేవారా? చివరికి మీరు మాట్లాడుకున్నారా... చెప్పండి, వినాలనుంది.