కాలువ చివరి పొలాల బొమ్మ

మా పొలం కర్ణాటకలో జవళగేర దగ్గర, ఉపకాలువ చిట్టచివర. ఆ ఏడు రెండో పంటకు నారు పోసి నెల దాటినా మా దాకా నీళ్లు రాలేదు. ఇంకొన్నాళ్లు ఆగితే నారు ముదిరిపోతుంది. ముదిరిన నారు నాటినా పిలకలు వేయదు.

ఊరికే కూర్చోలేక ఉపగ్రహ చిత్రాలు చూడటం నేర్చుకున్నాను. ఉపగ్రహం ఐదు రోజులకోసారి మన నేలను తీసే బొమ్మలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పచ్చదనం చూపే బొమ్మ తెరిచాను. మా పొలాలు బోసిగా ఉన్నాయి. కాలువ పైభాగమూ అంతే బోసిగా ఉంది. ఆ శనివారం సత్సంగంలో పారాయణం అయ్యాక నేనే లేచి చెప్పాను: పైవాళ్లకూ నాట్లు పడలేదు, నీళ్లు ఎవరికీ రాలేదు, ఓపిక పడదామని. అందరూ నమ్మి వారం ఆగారు.

తర్వాత ఓ పొద్దున కాలువగట్టు వెంట పైకి నడిచాను. మడుల నిండా నీళ్లు, వాటిలో మొన్న మొన్న నాటిన మొక్కలు. నీళ్లలో నిలబడ్డ జానెడు మొక్క పైనుంచి పచ్చగా కనిపించదు. వరి పండించే ఇంట పుట్టి నాకు అది తట్టలేదు.

సత్సంగంలో తప్పు ఒప్పుకున్నాను. సత్సంగం నడిపేది మా పెదనాన్నే.

“దేవుడు పైనుంచి చూత్తానే ఉన్నాడు కదమ్మా. మళ్లీ నువ్వెందుకు చూడ్డం?” అన్నారు. నలుగురూ నవ్వారు.

“దేవుడు చూత్తన్నాడు పెదనాన్నా. కాలువ ఇంజినీరుగారే చూడ్డం లేదు.”

“నీ మాట నమ్మి వారం పోయింది.”

“పోయింది. శ్లోకం తప్పు చదివితే పుస్తకం మూసెయ్యమన్నారా మీరు? మళ్లీ చదవమనేగా నేర్పారు?”

ఈసారి నీళ్లను చూపే బొమ్మ తెరిచాను. ఓ తూము దాకా మడులన్నీ నీళ్లు నిండి నల్లగా ఉన్నాయి. దాని కింద నుంచి మా గట్టు దాకా ఎండునేల. ఆ బొమ్మను కాగితం మీద అచ్చు తీయించి, పట్టుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. పెదనాన్న కూడా వచ్చి పక్కన కూర్చున్నారు.

“కొనెవరెగూ నీరు హోగిదె అమ్మా,” చివరిదాకా నీళ్లు వెళ్లాయని కన్నడంలో అంటూ ఇంజినీరు రిజిస్టరు చూపించాడు. అందులోనూ అలాగే రాసి ఉంది. బొమ్మ ముందు పెడితే, ఉపగ్రహం మా రూల్సులో లేదన్నాడు.

“మా నారు కూడా మీ రూల్సులో లేదండి. అది ముదిరిపోతంది. మీరొచ్చి చూసేదాకా మేం లేవం.”

సాయంత్రం ఇంజినీరు జీపు కదిలింది. ఆ తూము దగ్గర కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు వేసి ఉన్నాయి. తీయించారు. మూడో రోజుకి మా మడుల్లోకి నీళ్లు వచ్చాయి.

అప్పటికే రెండిళ్లవాళ్ల నారు ముదిరిపోయింది. దాన్ని దున్నేశారు. ఆ వారం నా వల్లే పోయిందని వాళ్ల గడపకు వెళ్లి చెప్పాను, దేవుడి ముందూ చెప్పుకున్నాను. చూడటం మానేస్తానని మాత్రం ఎవరి ముందూ చెప్పలేదు.